విమానం ఎక్కకముందే ఫోన్ లెక్క తేల్చుకోండి!

విదేశీ చదువుకు వెళుతున్నారా? ఇండియా నంబరు బతికుండాలి, బిల్లు మాత్రం పెరగకూడదు

వీసా వచ్చేసింది. టికెట్ బుక్ అయింది. అమ్మ పచ్చళ్లు, పొడులు సర్దుతోంది. నాన్న ఫారెక్స్ కార్డు, లోన్ కాగితాల పనిలో ఉన్నారు. సూట్‌కేసులను ఇప్పటికే నాలుగుసార్లు తూచి ఉంటారు. మరి ఫోన్ సంగతి? ‘అక్కడికెళ్లాక సిమ్ కొనుక్కుంటే సరిపోతుందిలే’ అనుకుంటున్నారా? చాలామంది అలాగే అనుకుంటారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

ఆ నష్టం రెండు రకాలు. మొదటిది వెంటనే తెలిసిపోతుంది. విమానం దిగిన రెండు మూడు రోజుల్లోనే రోమింగ్ కింద వేల రూపాయలు ఎగిరిపోతాయి. రెండోది నిదానంగా బయటపడుతుంది. ఆరు నెలల తర్వాత సెమిస్టర్ ఫీజు కట్టాల్సిన రోజు వస్తుంది. ఇండియా ఖాతాలో డబ్బుంటుంది. కానీ బ్యాంకు పంపిన ఓటీపీ మీకు రాదు. కారణం, రీఛార్జ్ చేయక మీ పాత నంబరు ఆగిపోయి ఉంటుంది. మొదటి నష్టం జేబుకు చిల్లు పెడుతుంది. రెండోది మీ డబ్బుకే తాళం వేస్తుంది.

ఈ రెండూ తప్పించుకోవడం కష్టమేం కాదు. ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలు: ఇండియా నంబరు ఓటీపీల కోసం, విదేశీ నంబరు మిగతా అన్నింటి కోసం. ఏ నంబరు పని దానిదే. ఒకదాని పని ఇంకోదానితో చేయించినప్పుడే బిల్లు పేలుతుంది.

రోమింగ్ ప్యాక్ ఎన్నాళ్లు?

ముందు చిన్న లెక్క వేద్దాం. మన ఆపరేటర్లు అమ్మే అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్‌లు టూర్‌కు వెళ్లేవాళ్లకు, వారం పది రోజుల ఆఫీసు పనిమీద వెళ్లేవాళ్లకు బాగానే ఉంటాయి. అక్కడే ఉండి చదువుకునేవాళ్లకు అవి సరిపడవు. రోజువారీ ఖర్చు 600 రూపాయలు పడే ప్యాక్ అనుకుందాం. నెలకు 18,000 రూపాయలు. అదే అమెరికాలో చిన్న కంపెనీల ప్రీపెయిడ్ ప్లాన్లు నెలకు 15 నుంచి 25 డాలర్లలో దొరుకుతాయి. డాలరుకు 90 రూపాయల చొప్పున వేసుకున్నా 1,350 నుంచి 2,250 రూపాయలు. ఎంత తేడానో చూడండి. ఎడ్యుకేషన్ లోన్‌తో వెళ్లేవాళ్లయితే ఆ తేడా మీద వడ్డీ కూడా కడతారు.

అసలు ప్యాక్ లేకుండా రోమింగ్ ఆన్ చేసి తిరిగితే? పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ అయితే ఎంబీల లెక్కన ఛార్జీ పడొచ్చు. మీరు ఫోన్ ముట్టుకోకపోయినా ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు, వాట్సాప్‌లో వచ్చే వీడియోలు డేటా తాగుతూనే ఉంటాయి. అందుకే రోమింగ్ ప్యాక్ తీసుకుంటే అతి చిన్నది, మొదటి ఒకటి రెండు రోజుల కోసం మాత్రమే తీసుకోండి. విమానాశ్రయం నుంచి గదికి చేరడానికి, ఇంట్లోవాళ్లకు ‘చేరాం’ అని చెప్పడానికి అది చాలు. విమానాశ్రయాల్లో ఉచిత వైఫై ఉంటుంది కదా, అసలు ప్యాకే వద్దనుకునేవాళ్లు కూడా ఉన్నారు. అర్ధరాత్రి దిగేవాళ్లు, ఒంటరిగా మొదటిసారి వెళ్లేవాళ్లు మాత్రం ఈ కాస్త ఖర్చుకు వెనకాడొద్దు.

ఇండియా నంబరు ఎందుకు బతకాలి?

మీ బ్యాంకు ఖాతా, ఆధార్, పాన్, డిజీలాకర్, ఆదాయపన్ను పోర్టల్, ఎడ్యుకేషన్ లోన్ ఖాతా... వీటన్నింటికీ తాళంచెవి ఆ పదంకెల నంబరే. అది పోతే ఒక్కోదాన్ని మార్చుకోవడానికి ఒక్కో ఆఫీసు చుట్టూ తిరగాలి. మీరుండేదేమో వేల కిలోమీటర్ల దూరంలో.

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. నంబరు మీ పేరున ఉండటం వేరు, దానికి మెసేజ్‌లు రావడం వేరు.

ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రీపెయిడ్ నంబరును వరుసగా 90 రోజులపాటు ఏ వాడకమూ లేకపోతేనే తీసేయాలి. అప్పటికి ఖాతాలో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే నంబరును నిలుపుకొనే వెసులుబాటు కూడా ఉంది. ఇది విని ‘20 రూపాయలుంటే చాలు’ అని నిశ్చింతగా ఉండిపోతారు. కానీ ప్యాక్ గడువు ముగిశాక కొద్దిరోజులకే ఇన్‌కమింగ్ సేవలు ఆగిపోవచ్చు. నంబరు మీదే, ఓటీపీ మాత్రం రాదు. కాబట్టి చూసుకోవాల్సింది ప్యాక్ వ్యాలిడిటీని.

పూర్తిగా రద్దయితే పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత కొత్త వినియోగదారుడికి ఇవ్వొచ్చు. 2023లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో ట్రాయ్ ఈ మాటే చెప్పింది. అంటే మీ బ్యాంకు మెసేజ్‌లు రేపు ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి ఫోన్‌లో మోగొచ్చు.

తక్కువ ఖర్చుతో నిలుపుకోవాలంటే...

విదేశంలో ఉండగా ఇండియా సిమ్‌కు రోజుకు 2 జీబీ డేటా ప్యాక్ వేయించడం దండగ. ఆ డేటా అక్కడ పనిచేయదు. 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధనలను సవరించింది. డేటా అక్కర్లేనివాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లతో మాత్రమే ఉండే వోచర్లు తేవాలని ఆపరేటర్లకు చెప్పింది. అలాంటి వోచర్ల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల వరకు పెంచుకునే వీలూ కల్పించింది. ఆ తర్వాత కంపెనీలు దాదాపు ఏడాది గడువుండే వాయిస్ ప్లాన్లు తెచ్చాయి. యాప్‌లో ఇవి పైన కనిపించవు. కిందికి వెళ్లి ‘వాల్యూ’, ‘వాయిస్ ఓన్లీ’ లాంటి విభాగాల్లో వెతకాలి. ఒకసారి వేయించుకుంటే ఏడాది దాకా దిగులుండదు. గడువు ముగిసే తేదీని మీ ఫోన్ క్యాలెండర్‌లోనే కాదు, నాన్న ఫోన్‌లోనూ పెట్టించండి.

పోస్ట్‌పెయిడ్ వాడుతున్నవాళ్లు అతి తక్కువ అద్దె ఉన్న ప్లాన్‌కు మారండి, లేదా ప్రీపెయిడ్‌కు మార్చుకోండి. పోస్ట్‌పెయిడ్‌లో బిల్లు ఎక్కడ ఆగుతుందో తెలియదు. ప్రీపెయిడ్‌లో ఉన్న డబ్బు వరకే పోతుంది.

ఇంకో మాట. రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఎస్సెమ్మెస్‌కు మన ఆపరేటర్లు సాధారణంగా ఛార్జీ వేయరు. ఇన్‌కమింగ్ కాల్‌కు మాత్రం వేస్తారు. తేడా గమనించారా? మెసేజ్ చదివితే ఖర్చు లేదు, ఫోన్ ఎత్తితే ఖర్చు. ‘సార్, క్రెడిట్ కార్డు కావాలా?’ అని హైదరాబాద్ నుంచి వచ్చే కాల్‌ను మీరు చికాగోలో ఎత్తితే నిమిషాల లెక్కన డబ్బు పోతుంది. మోగనివ్వండి, ఎత్తొద్దు. బంధువులకు, స్నేహితులకు ముందే చెప్పేయండి... ఆ నంబరుకు మామూలు కాల్ చేయొద్దు, వాట్సాప్‌లోనే చేయమని.

ఓటీపీలు అక్కడికి రావాలంటే సిమ్‌లో అంతర్జాతీయ రోమింగ్ సేవ ఆన్ అయి ఉండాలి. డేటా రోమింగ్ మాత్రం ఆఫ్‌లో ఉండాలి. ఈ రెండూ ఒకటే అనుకుని రెండింటినీ ఆపేసేవాళ్లున్నారు. రెండింటినీ ఆన్ చేసేవాళ్లూ ఉన్నారు. రోమింగ్ సేవ ఆపరేటర్ దగ్గర ఆన్ అవుతుంది. డేటా రోమింగ్ మీ ఫోన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. మీ ప్లాన్‌లో రోమింగ్ సేవ ఎలా ఆన్ అవుతుందో, దానికి కనీస ప్యాక్ ఏదైనా వేయించాలో యాప్‌లో చూసుకోండి. లేదంటే స్టోర్‌కు వెళ్లి అడగండి. ఇది ఇండియాలో ఉండగానే పూర్తిచేయాల్సిన పని.

ఒక నెల ముందు...

మీ ఫోన్ ఏ దేశపు సిమ్ వేసినా పనిచేస్తుందా? ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళితే ‘క్యారియర్ లాక్’ అనే చోట ‘నో సిమ్ రెస్ట్రిక్షన్స్’ అని ఉండాలి. ఇండియాలో షాపులో కొన్న ఫోన్లకు సాధారణంగా లాక్ ఉండదు. విదేశాల నుంచి ఎవరో తెచ్చిన ఫోన్ వాడుతుంటే తప్పక చూసుకోండి.

ఈసిమ్ పనిచేస్తుందా? డయలర్‌లో *#06# నొక్కండి. ఐఎంఈఐ నంబర్లతోపాటు ‘ఈఐడీ’ అనే పొడవాటి నంబరు కనిపిస్తే మీ ఫోన్‌లో ఈసిమ్ ఉన్నట్టే.

పాత ఫోన్ పట్టుకెళ్తున్నారా? అమెరికాలో పెద్ద నెట్‌వర్క్‌లన్నీ 2022 చివరికల్లా 3జీ ఆపేశాయి. కాల్స్ కూడా 4జీ మీదే వెళ్తాయి. ఇండియాలో చక్కగా పనిచేసే ఫోన్‌ను అక్కడి నెట్‌వర్క్ ఒప్పుకోకపోవచ్చు. అక్కడి కంపెనీల వెబ్‌సైట్లలో మీ ఐఎంఈఐ నంబరు ఎంటర్ చేస్తే పనిచేస్తుందో లేదో చెప్పేస్తుంది. ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు.

అక్కడికెళ్లాక కొత్త ఐఫోన్ కొనాలనుకుంటున్నారా? అయితే ఇది మీకోసమే. అమెరికాలో ఐఫోన్ 14 నుంచి అమ్ముతున్న మోడళ్లలో సిమ్ పెట్టే ట్రే అసలుండదు. ఐఫోన్ 17 మోడళ్లకొచ్చేసరికి కెనడా, యూఏఈ, సౌదీ, ఖతార్ లాంటి దేశాల్లోనూ అంతే. మీ ఇండియా ప్లాస్టిక్ సిమ్‌ను అందులో పెట్టే చోటే ఉండదు. దాన్ని ఈసిమ్‌గా మార్చుకోవడానికి అక్కడి నుంచి ప్రయత్నిస్తే తలనొప్పులు ఎక్కువ. కొనే ఆలోచన ఉంటే, మీ ఫోన్‌లో ఈసిమ్ సదుపాయం ఉంటే, ఇండియాలోనే మార్చుకుని వెళ్లండి. లేదా పాత ఫోన్‌ను పారేయకుండా ఓటీపీల కోసం గదిలో ఉంచుకోండి.

అయితే ఆఖరి నిమిషంలో మార్చొద్దు. సిమ్ మార్చినా, ఈసిమ్‌కు మారినా మోసాలను అడ్డుకోవడానికి సాధారణంగా 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. ఫ్లైట్ రోజున మారిస్తే ఫారెక్స్ కార్డు ఓటీపీ కూడా రాదు. నంబరు పోర్ట్ చేయాలనుకునేవాళ్లూ గుర్తుంచుకోండి. సిమ్ మార్చిన 7 రోజుల వరకు పోర్టింగ్‌కు వీల్లేదు. అందుకే ఇవన్నీ నెల ముందే ముగించాలి.

సిమ్ ఎవరి పేరున ఉంది? ఇంటర్‌లో ఉన్నప్పుడు నాన్న ఆధార్‌తో తీసుకున్న సిమ్ ఇప్పటికీ వాడుతున్నవాళ్లు చాలామందే ఉంటారు. సిమ్ పోతే డూప్లికేట్ కోసం స్టోర్‌కు వెళ్లాల్సింది ఎవరి పేరున ఉంటే వాళ్లే. నాన్న పేరున ఉంటే ఆయన ఊళ్లోనే తీసుకోగలరు. మీ పేరున ఉంటే మీరు ఇక్కడ లేనప్పుడు కష్టం. ఏది మంచిదన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఎవరి పేరున ఉందో తెలియకుండా మాత్రం బయలుదేరొద్దు.

ఓటీపీ భారం తగ్గించుకోండి

ఇండియా నంబరు మీద ఆధారపడే పనులు ఎంత తగ్గితే అంత నిశ్చింత. బ్యాంకుకు వెళ్లి ఈమెయిల్‌కు కూడా ఓటీపీ వస్తుందా, విదేశీ నంబరు నమోదు చేసుకోవచ్చా అని అడగండి. జీమెయిల్, లింక్డిన్ లాంటి వాటికి ఎస్సెమ్మెస్ బదులు అథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టి, ఈమెయిల్ జతచేయండి. వాట్సాప్‌కు మీ ఇండియా నంబరునే ఉంచుకోవచ్చు. అక్కడి సిమ్ డేటాతో అది మామూలుగా నడుస్తుంది.

యూపీఐ యాప్‌ల విషయంలో జాగ్రత్త. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా, ఫోన్ మార్చినా మీ ఇండియా సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. రోమింగ్‌లో పంపే ఎస్సెమ్మెస్‌కు ఛార్జీ పడుతుంది, ఒక్కోసారి వెళ్లదు కూడా. కాబట్టి కొత్త ఫోన్ కొంటే ఇండియాలోనే కొని, యూపీఐ సెట్ చేసుకుని వెళ్లండి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలున్నవాళ్లు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునేందుకు ఎన్‌పీసీఐ 2023 జనవరిలో వీలు కల్పించింది. అప్పట్లో ప్రకటించిన 10 దేశాల్లో అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈ, సౌదీ ఉన్నాయి. మీ బ్యాంకు ఈ సదుపాయం ఇస్తోందా అన్నది కనుక్కోండి.

విమానంలో... దిగిన వెంటనే...

విమానం ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడం భద్రత కోసమే అనుకోవద్దు, మీ డబ్బు కోసం కూడా. కొన్ని విమానాల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. మీ ఫోన్ దానికి కనెక్ట్ అయితే మామూలు రోమింగ్ ప్యాక్‌లు వర్తించవు. ఛార్జీలు చుక్కలు చూపిస్తాయి. క్రూయిజ్ ఓడల్లోనూ ఇదే కథ. వైఫై కావాలంటే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచే ఆన్ చేసుకోవచ్చు.

దిగాక విమానాశ్రయంలో సిమ్ అమ్మే కౌంటర్లు ఆకర్షిస్తాయి. అక్కడ ధర ఎక్కువ. పర్యాటకుల కోసం పెట్టిన ప్లాన్లే ఎక్కువగా ఉంటాయి. ఊళ్లోకెళ్లాక సూపర్‌మార్కెట్‌లోనో, ఆన్‌లైన్‌లోనో కొంటే చౌక. చాలా యూనివర్సిటీలు ఓరియంటేషన్‌లో సిమ్‌లు ఉచితంగా పంచుతాయి.

ఇండియా నుంచే ట్రావెల్ ఈసిమ్ కొనుక్కుని వెళ్లడం ఇంకో దారి. మూడు విషయాలు చూసుకోండి. ఒకటి, అవి చాలావరకు డేటా కోసమే. అక్కడి ఫోన్ నంబరు రాదు. బ్యాంకు ఖాతా తెరవడానికి, గది అద్దెకు తీసుకోవడానికి నంబరు అడుగుతారు. రెండు, ‘అన్‌లిమిటెడ్’ అన్నా రోజుకు ఇంత వాడాక వేగం తగ్గించేస్తారు. మూడు, విదేశీ సిమ్‌లను ఇండియాలో అమ్మాలంటే టెలికాం విభాగం అనుమతి ఉండాలి. ఆ అనుమతి లేదన్న కారణంగానే 2024 జనవరిలో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను ఇక్కడి యాప్ స్టోర్ల నుంచి తొలగించారు. అమ్మేవాళ్లకు అనుమతి ఉందో లేదో చూసి కొనండి.

ఏ దేశానికి వెళితే ఏం చూడాలి?

అమెరికా: ఏటీ అండ్ టీ, వెరిజాన్, టీ మొబైల్ అనేవి మూడు పెద్ద నెట్‌వర్క్‌లు. మింట్ మొబైల్, విజిబుల్ లాంటి కంపెనీలు ఆ టవర్లనే వాడుకుంటూ తక్కువ ధరకు సేవలిస్తాయి. ప్రీపెయిడ్‌కు సోషల్ సెక్యూరిటీ నంబరు అక్కర్లేదు. మూడు నెలలకో, ఏడాదికో ఒకేసారి కడితే నెలకు పడే ఖర్చు తగ్గుతుంది. కానీ మొదట తక్కువ గడువుది తీసుకుని మీ గదిలో, క్యాంపస్‌లో సిగ్నల్ ఎలా ఉందో చూశాకే ఏడాది ప్లాన్‌కు వెళ్లండి.

మనవాళ్లలో బాగా నడిచేది ఫ్యామిలీ ప్లాన్. నలుగురైదుగురు రూమ్మేట్స్ కలిసి తీసుకుంటే తలా కాస్త పడుతుంది. మంచిదే. కానీ ఖాతా ఒక్కరి పేరునే ఉంటుంది. ఎవరైనా డబ్బివ్వకుండా వెళ్లిపోతే బిల్లు, దానితోపాటు క్రెడిట్ హిస్టరీకి వచ్చే దెబ్బ ఆ ఒక్కరివే. మిగతావాళ్లకు వచ్చే చిక్కు ఇంకోటి. నంబరును వేరే కంపెనీకి మార్చుకోవాలంటే ఖాతాదారు పిన్ ఇవ్వాలి. రెజ్యూమెలో పెట్టిన నంబరు గొడవల్లో పడి పోతే ఇంటర్వ్యూ కాల్సే పోతాయి. చేరేముందే ఎవరు, ఎప్పుడు, ఎంత కట్టాలో రాసుకోండి.

‘ఐఫోన్ ఫ్రీ’ ప్రకటనలు చూసి తొందరపడొద్దు. ఆ ఫోన్ ధరను 24 నుంచి 36 నెలలపాటు బిల్లులో తగ్గిస్తూ వస్తారు. మధ్యలో మానేస్తే మిగిలింది మీరే కట్టాలి. రెండేళ్ల ఎంఎస్‌కు వెళ్లినవాళ్లు మూడేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టడమంటే ఆలోచించాల్సిందే.

కెనడా: బెల్, రోజర్స్, టెలస్ పెద్దవి. వాటికే ఫిడో, కూడో, పబ్లిక్ మొబైల్, లక్కీ మొబైల్ లాంటి చౌక బ్రాండ్లున్నాయి. ముందు అవి చూడండి. 2017 డిసెంబరు నుంచి అక్కడ ఫోన్లు అన్‌లాక్ చేసే అమ్మాలి. నయాగరా చూడటానికి వెళ్లినప్పుడు మీ ఫోన్ నది అవతలి దేశం టవర్‌ను పట్టుకోవచ్చు. రెండు వైపుల వాళ్లకూ ఇది వర్తిస్తుంది. అక్కడ డేటా రోమింగ్ ఆఫ్ చేసుకోండి.

యూకే: ఫోన్ లేకుండా సిమ్ మాత్రమే ఇచ్చే ‘సిమ్ ఓన్లీ’ నెలవారీ ప్లాన్లు విద్యార్థులకు అనువు. గిఫ్‌గాఫ్, స్మార్టీ, వోక్సీ, లెబారా లాంటి వాటిలో 10 పౌండ్ల చుట్టుపక్కల మంచి ప్లాన్లే దొరుకుతాయి. 2025 జనవరి 17 తర్వాత చేసుకున్న ఒప్పందాల్లో మధ్యలో ధర పెంచేట్టయితే ఎంత పెరుగుతుందో పౌండ్లు, పెన్నీల్లో ముందే చెప్పాలి. ఆ గీత చదివి సంతకం పెట్టండి.

జర్మనీ, యూరప్: జర్మనీలో 2017 జులై నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కూ గుర్తింపు తనిఖీ తప్పనిసరి. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. రెండేళ్ల ఒప్పందం జోలికి మొదట్లోనే వెళ్లొద్దు. ఆల్డీ టాక్ లాంటి ప్రీపెయిడ్‌తో మొదలుపెట్టండి. వీటిలో చాలావాటి గడువు నెల కాదు, 4 వారాలు. అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జ్‌లు. ధరలు పోల్చేటప్పుడు ఈ లెక్క మరచిపోవద్దు.

ఈయూ దేశం సిమ్ ఒకటుంటే మిగతా ఈయూ దేశాల్లోనూ అదే ధరకు వాడుకోవచ్చు. 2017 జూన్ 15 నుంచి ఉన్న ఈ సదుపాయాన్ని 2032 వరకు పొడిగించారు. ఐస్‌లాండ్, నార్వే, లీకెన్‌స్టైన్ కూడా ఇందులో ఉన్నాయి. స్విట్జర్లాండ్ లేదు, ఇప్పుడు యూకే కూడా లేదు. మ్యూనిక్ నుంచి జ్యూరిక్‌కు వారాంతంలో రైల్లో వెళ్లేవాళ్లు సరిహద్దు దాటకముందే డేటా రోమింగ్ ఆపేయాలి.

యూఏఈ: ఉద్యోగాల కోసం వెళ్లేవాళ్లకు ఇది ముఖ్యం. అక్కడ వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ మాత్రం పనిచేయవు. ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటి యాప్‌లు వాడాలి. వెళ్లేముందే ఇంట్లోవాళ్ల ఫోన్‌లో ఆ యాప్ వేసి, ఎలా మాట్లాడాలో నేర్పి వెళ్లండి. నిజామాబాద్‌లో, అమలాపురంలో ఉన్న అమ్మకు ఆ పని ఫోన్‌లో చెప్పి చేయించడం చాలా కష్టం.

ఫిలిప్పీన్స్: ఎంబీబీఎస్‌కు వెళ్లే మన విద్యార్థులు గుర్తుంచుకోవాల్సింది 2022 నాటి సిమ్ రిజిస్ట్రేషన్ చట్టం. టూరిస్టు కింద నమోదు చేసుకుంటే సిమ్ గడువు 30 రోజులే. స్టూడెంట్ వీసా పత్రాలు, కాలేజీ ధ్రువీకరణ, చిరునామా ఆధారాలతో నమోదు చేసుకోండి.

సెట్టింగ్స్‌లో ఐదు నిమిషాలు

రెండు సిమ్‌లు ఒకే ఫోన్‌లో ఉన్నప్పుడు అసలు పని ఇక్కడే.

• మొబైల్ డేటాకు, కాల్స్‌కు విదేశీ సిమ్‌ను డిఫాల్ట్‌గా పెట్టండి.

• ఇండియా సిమ్‌లో డేటా రోమింగ్ ఆఫ్.

• ఐఫోన్‌లో ‘అలౌ సెల్యులార్ డేటా స్విచింగ్’, ఆండ్రాయిడ్‌లో ‘ఆటో డేటా స్విచింగ్’ లాంటి ఆప్షన్ ఉంటే ఆపేయండి. ఒక సిమ్ సిగ్నల్ తగ్గగానే ఫోన్ తనంతట తానే రెండో సిమ్ డేటాకు మారిపోయేది దీనివల్లే. బిల్లు వచ్చేదాకా మీకు తెలియదు.

• ఐఫోన్‌లో ఐమెసేజ్, ఫేస్‌టైమ్‌ను ఇండియా నంబరుతో యాక్టివేట్ చేస్తే విదేశీ ఎస్సెమ్మెస్ వెళుతుంది. ఈమెయిల్‌తోనో, అక్కడి నంబరుతోనో వాడండి.

• ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు వైఫైలో మాత్రమే జరిగేలా పెట్టండి. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపండి.

• గూగుల్ మ్యాప్స్‌లో మీరు వెళ్లే ఊరి మ్యాప్‌ను, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఆ భాషను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నెట్ లేకున్నా పనిచేస్తాయి.

సినిమాలు, సిరీస్‌ల సంగతి కూడా చూడండి. స్టాండర్డ్ క్వాలిటీలో గంటకు 1 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు డేటా అవుతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. ఇవి గదిలో వైఫై మీద చూస్తే మీకు చిన్న ప్లానే సరిపోతుంది. క్యాంపస్‌లో ఉచిత వైఫై, లైబ్రరీ వైఫై ఉండనే ఉంటాయి. ‘ఎడ్యూరోమ్’ అనే వైఫై గురించి మీ యూనివర్సిటీలో అడగండి. మీ కాలేజీ లాగిన్‌తోనే 100కు పైగా దేశాల్లోని విద్యాసంస్థల్లో వాడుకోవచ్చు. అన్‌లిమిటెడ్ ప్లాన్ తీసుకునేముందు ఒక నెలంతా ఎంత వాడుతున్నారో సెట్టింగ్స్‌లో చూడండి. 5 జీబీ కూడా దాటనివాళ్లు అన్‌లిమిటెడ్‌కు కట్టడం దేనికి?

మోసగాళ్లకు దొరకొద్దు

కొత్త దేశంలో ఉన్నారని తెలిస్తే చాలు, మోసగాళ్లు తయారు. ‘మీ సిమ్ రెండు గంటల్లో ఆగిపోతుంది’, ‘ఈసిమ్‌కు మార్చాలి, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి’, ‘మీ వీసాలో సమస్య ఉంది, ఎంబసీ నుంచి మాట్లాడుతున్నాం’ అంటూ కాల్స్ వస్తాయి. ఆపరేటర్ ఎవరూ ఫోన్ చేసి ఓటీపీ అడగరు. ఈసిమ్ మార్పు మీరు కోరితేనే జరగాలి. ఇండియా సిమ్‌కు చాలాసేపు ఒక్కసారిగా సిగ్నల్ పోతే అనుమానించండి. బ్యాంకుకు, ఆపరేటర్‌కు చెప్పండి. మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో టెలికాం విభాగం వారి ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో చూసుకోవచ్చు. బయలుదేరేముందు ఒకసారి చూడండి.

బయలుదేరేముందు టిక్ పెట్టండి

ఇండియా సిమ్‌కు ఏడాది వ్యాలిడిటీ ఉందా? రోమింగ్ సేవ ఆన్, డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉన్నాయా? సిమ్ ఎవరి పేరున ఉందో తెలుసా? ఈసిమ్‌కు మారాలనుకుంటే మారడం అయిపోయిందా? బ్యాంకులో ఈమెయిల్ నమోదైందా? యూపీఐ యాప్‌లు ఈ ఫోన్‌లోనే పనిచేస్తున్నాయా? వెళ్లే ఊరి మ్యాప్ దిగిందా? గది చిరునామా, తీసుకెళ్లేవాళ్ల నంబరు కాగితం మీద కూడా రాసుకున్నారా? సిమ్ తీసే పిన్ను హ్యాండ్ బ్యాగులో ఉందా?

ప్లాన్ల ధరలు తరచూ మారుతుంటాయి. అందుకే సీనియర్ చెప్పిన పాత ధర కాకుండా ఆపరేటర్ యాప్‌లో ఆ రోజు ఉన్నదే చూడండి. అక్కడికెళ్లిన ఆరు నెలలకు ఒకసారి రెండు నంబర్ల ఖర్చూ కలిపి లెక్క వేసుకోండి. ఇండియా నంబరుకు ఓటీపీ వస్తుందో లేదో చూసుకోవాలంటే నెలకోసారి బ్యాంకు యాప్‌లో లాగిన్ అవ్వండి. ఫీజు గడువు రోజున కాదు, దానికి నెల ముందే తెలిస్తే సరిచేసుకునే సమయం మీ చేతిలో ఉంటుంది.